పెరటి దీపం కథ



ఈ పూట విత్తనం గురించి గాని, ఎరువు గురించి గాని మీకు చెప్పబోవడం లేదు. పెరటిలో వెలిగే దీపం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. దీపానికీ సేద్యానికీ ఏమి సంబంధమయ్యా అని మీరు అడగవచ్చు. సోమల చుట్టుపక్కల పల్లెలలో తిరిగేవాణ్ణి గనుక నాకు తెలిసిన సంబంధమేదో ముందు చెప్పి, తరువాత పాత కథలోకి వెళతాను.

ఒక పల్లెలో ఒక అవ్వ ఉన్నది. ఇంటి వెనుక పది సెంట్ల పెరడు. అందులో మునగ, కరివేపాకు, నాలుగు కయ్యలు ఆకుకూర, పందిరి మీద అనప, కాకర, ఒక పక్క చామంతి వరస. కరెంటు వంతు రాత్రి పూట వచ్చే రోజులలో ఆమె చీకట్లోనే లేచి నీళ్ళు మళ్ళించుకొనేది. ఒకనాటి రాత్రి అట్లా మడవ తిప్పబోయి రక్తపింజరి మీద కాలు వేసింది. ఇంట్లోవాళ్ళు తెలివైనవాళ్ళు. మంత్రగాడి కోసం వెతకలేదు, కాలు కోయలేదు, బిగించి కట్టలేదు. కాలు కదలకుండా పడుకోబెట్టి ఆటోలో నేరుగా పాము విషానికి సూదిమందు ఉన్న ఆస్పత్రికి తీసుకుపోయారు. అవ్వ బతికింది. కాని పెరట్లోకి అడుగుపెట్టడానికి మూడు నెలలు పట్టింది. కొడుకు రెండువేలకు పైగా పోసి ఒక సోలార్ దీపం తెచ్చి తగిలించాడు. నెల తిరగకముందే అది ఆరిపోయింది. అదెందుకు ఆరిపోయిందో చూసిపొమ్మని నాకు కబురు చేశారు.

నేను వ్యవసాయ డిప్లమా చదివినవాణ్ణి, కరెంటు పనివాణ్ణి కాను. అయినా వెళ్ళాను. అవ్వ నన్ను చూసి, "ఏం నాయనా, ఎండతో దీపమంట! రేత్రి ఎండ యాడుంటుంది?" అన్నది. నవ్వుకొన్నాను గాని, ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆ ప్రశ్న చాలా పెద్దదని తోచింది. పగటి వెలుతురును రాత్రికి దాచుకోవడానికి మనిషి ఎన్ని తంటాలు పడ్డాడో ఆ ప్రశ్నలోనే ఉన్నది.

మొదట నూనె సంగతి చూద్దాము. గింజలో ఉండే నూనె కూడా ఒక విధంగా దాచిపెట్టిన ఎండే గదా! ఆకు ఎండను పట్టుకొంటుంది, మొక్క దానిని గింజలో నూనెగా నిలవచేస్తుంది, మనం గానుగాడించి వత్తి వేసి వెలిగించుకొంటాము. మన సీమలో ఆముదం, కానుగనూనె, ఇప్పనూనె, తరువాత వేరుశనగనూనె దీపానికి వాడేవారు. అయితే ఆ కాలంలో పెరటికి దీపం పెట్టడం పనికోసం కాదు, దేవుడికోసం. తులసికోట దగ్గర ప్రమిద, కార్తీకంలో కొయ్య మీదికి ఎత్తే ఆకాశదీపం, అంతే. పనికి వెన్నెల ఉన్నది. వెన్నెల లేనినాడు పని లేదు. తప్పనిసరి అయితే దివిటీ. ఆముదం ప్రమిద గాలికి ఆగదు, దానిని చేత పట్టుకొని బాయిదాకా వెళ్ళలేము. ఇప్పటికీ మన ఇళ్ళలో చీకటి పడ్డాక ఆకు కోయకూడదు, చెట్టు ముట్టకూడదు అనే పెద్దవాళ్ళు ఉన్నారు. చెట్టు నిద్రపోతుందని వాళ్ళు చెప్పే కారణం. అసలు కారణం చెట్టుకింద ఏముందో కనబడదనే భయమై ఉంటుందని నా ఊహ.

తరువాత వచ్చింది కిరసనాయిలు. మన పెద్దలలో కొందరు దానిని గబ్బునూనె అనేవారు. ఆ పేరు తగినదే. పంతొమ్మిదవ శతాబ్దం రెండవ సగంలో అమెరికా నుంచీ, రష్యా నుంచీ, తరువాత బర్మా నుంచీ రేకుడబ్బాలలో దేశంలోకి దిగింది. 1890ల ప్రాంతంలో పాకాల నుంచి ధర్మవరానికి పీలేరు, వాయల్పాడు, మదనపల్లె రోడ్డు మీదుగా రైలు పడిన తరువాత దూరపు సరుకు ఈ సీమకు రావడం సులభమైంది. అప్పటికి మదనపల్లె తాలూకా కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. నూనె అయిపోయిన డబ్బాలు కూడా వృథా పోలేదు. వాటితో నీళ్ళు మోశారు, ధాన్యం కొలిచారు, కప్పులకు రేకులుగా కొట్టారు. మన పల్లెకు సీమసరుకుగా వచ్చినవాటిలో ఆ డబ్బా అంత ఉపకారం చేసిన వస్తువు ఇంకొకటి ఉన్నదా అని నాకు సందేహం.

పెరటికి నిజంగా వెలుగు తెచ్చింది మాత్రం హరికేన్ లాంతరు. హరికేన్ అంటే తుఫాను. గాజుబుడ్డి చుట్టూ గాలి సక్రమంగా ఆడే గొట్టాలు పెట్టి, గాలికి ఆరని లాంతరును 1860ల చివరలో అమెరికాలో రూపొందించారు. దానిని చేత పట్టుకొని మనిషి మొదటిసారిగా రాత్రిపూట మడిగట్టు మీద ధైర్యంగా నడిచాడు. ఈనిన ఆవును చూడడానికి కొట్టంలోకి, నీళ్ళు మళ్ళించడానికి బాయి దగ్గరకు వెళ్ళగలిగాడు. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో జర్మనీ నుంచి పెట్రోమాక్స్ దీపం వచ్చింది. అది పెండ్లిళ్ళకు, నాటకాలకు, పెద్దరైతు ఇంటికి. బీదవాడికి బుడ్డి, నడిమివాడికి లాంతరు, ఉన్నవాడికి పెట్రోమాక్స్. వెలుతురులోనూ అంతస్తులు ఏర్పడినవన్నమాట.

దీపం పరాయి దేశపు నూనె మీద ఆధారపడితే ఏమవుతుందో 1942లో తెలిసివచ్చింది. జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు అక్కడి చమురు బావులను తెల్లవారే పాడుచేసి వెనక్కు వచ్చారు. మన దేశంలో కిరసనాయిలుకు కరువు వచ్చి, పంపిణీకి కట్టడి వచ్చింది. లాంతర్లు అటకెక్కినవి, ప్రమిదలు మళ్ళీ దిగినవి. ఆ తరువాత ఎన్నో ఏండ్లు రేషను కార్డు మీద కొలిచి పోసే కిరసనాయిలుతోనే మన పిల్లలు చదువుకొన్నారు. మా నాయన కూడా ఆ వెలుతురులోనే చదివాడు. పరీక్షల నెలలో పెరటివైపు దీపం పెట్టేవారు కాదని ఆయన చెప్పేవాడు, నూనె చాలదని.

ఇక్కడ కాస్త ఆగి, సేద్యగాడు దీపాన్ని ఆయుధంగా వాడుకొన్న సంగతి చెప్పాలి. వేరుశనగ పండించే మన రాయలసీమలో ఎర్రగొంగళి పురుగు పేరు వినని రైతు లేడు. తొలకరిలో గట్టివాన పడిన కొద్ది దినాలలో నేలలోని గూళ్ళ నుంచి రెక్కల పురుగులు ఒక్కసారిగా లేస్తాయి. ఒక్కొక్క ఆడపురుగు వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. గుడ్లు పిల్లలైతే చేను చేనంతా ఊడ్చుకుపోతుంది. ఆ పురుగు దీపం దగ్గరకు వస్తుందని తెలిసి, వాన పడిన రాత్రులలో పొలాల గట్ల మీద మంటలు వేసేవారు. గ్రామసేవకులు వచ్చిన తరువాత, అనగా 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైన తరువాతి కాలంలో, పెట్రోమాక్సును మూడుకాళ్ళ కొయ్యకు తగిలించి, కింద వెడల్పు తొట్టిలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళ మీద కాస్త కిరసనాయిలు చల్లే పద్ధతి ప్రచారం చేశారు. దానినే దీపపు ఎర అన్నారు. ఒక్కడు మంట వేస్తే లాభం లేదు, ఊరంతా ఒకే రాత్రి వేయాలి. ఇది అప్పటికీ ఇప్పటికీ నిజమే. ఒక్కడే వేస్తే పక్కవాడి పురుగంతా వాడి చేనికే వస్తుంది!

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. అది మీ అందరికీ తెలిసినదే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి 1959లోనూ, దేశం మొత్తానికి గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లోనూ ఏర్పడినవి. చెరువులూ బావులూ తప్ప పారే నది లేని మన సీమలో కరెంటు మొదట మోటారు కోసం, ఆ తరువాతనే దీపం కోసం. ఇంట్లో బల్బు వెలిగింది. కాని పెరటికి తీగ లాగడం అందరూ చేయలేదు. లాగినవాళ్ళు చాలామంది అతుకుల తీగలు లాగి, తడిచేతులతో స్విచ్చి వేసి ప్రాణం మీదికి తెచ్చుకొన్నారు. వాన తడికి, ఎలుక పంటికి, పెరట్లో తీగ నిలవదు. పైగా మోటారుకు మూడు ఫేజుల కరెంటు రాత్రి వంతులో ఇచ్చిన ఏండ్లలో రైతు చీకట్లో బాయి దగ్గరకు పోక తప్పలేదు. పాముకాటుకు, షాకుకు పోయిన ప్రాణాలు మన పల్లెలలో ఎవరిని అడిగినా చెబుతారు. 2020లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో ఏడాదికి సగటున 58 వేలమంది పాముకాటుతో చనిపోయారు. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాలలో మనది ఒకటి. కాటులో ఎక్కువ భాగం పల్లెలలోనే, కాలికే, అందులోనూ వానకాలంలోనే. ఇప్పుడు చెప్పండి, దీపానికీ సేద్యానికీ సంబంధం ఉన్నదా లేదా?

ఇక ఎండ దీపం ఎట్లా పుట్టిందో వినండి. దీనికి తాత ఒక పంతొమ్మిదేండ్ల కుర్రవాడు. 1839లో ఫ్రాన్సు దేశంలో ఎడ్మండ్ బెకెరెల్ అనేవాడు తన తండ్రి ప్రయోగశాలలో, ఒక ద్రావకంలో ముంచిన లోహపు పలకల మీద వెలుతురు పడితే కరెంటు పుడుతుందని కనిపెట్టాడు. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం అనే ధాతువు మీద పలుచని బంగారు పూత వేసి ఒక పలక చేశాడు. నూటికి ఒకపాలు ఎండ కూడా కరెంటుగా మారలేదు. వెలుతురు అట్లా ఎందుకు చేస్తుందో 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. 1921 సంవత్సరపు నోబెల్ బహుమానం ఆయనకు ప్రధానంగా ఈ పనికే వచ్చింది గాని, అందరూ అనుకొనే సాపేక్ష సిద్ధాంతానికి కాదు.

1954 ఏప్రిల్ 25న అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు చేసిన సిలికాను పలకను ప్రజలకు చూపించారు. సిలికాను అంటే మన వంకలలో ఇసుకలో ఉండే ధాతువే, బాగా శుద్ధి చేసినది. నూటికి 6 పాళ్ళ ఎండ కరెంటుగా మారింది. ఆ కరెంటుతో ఒక బొమ్మ రంగులరాట్నం తిప్పారు, ఒక చిన్న రేడియో ప్రసార యంత్రాన్ని నడిపారు. ఎండతో నడిచిన మొదటి పనిముట్లలో రేడియో ఒకటి అన్న సంగతి ఈ కార్యక్రమం వినేవారికి సంతోషం కలిగిస్తుందని చెబుతున్నాను.

మరుసటి ఏడే, 1955లో, ఆ పలకలను మొదటగా ఎక్కడ నిలబెట్టారో తెలుసునా? జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే ఊరి దగ్గర, పల్లెల టెలిఫోను తీగ మీద. ఆ ప్రాంతం మనలాగే వేరుశనగ పండించే సీమ. 1977లో ఆ దేశానికి అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ ఆ జిల్లావాడే, వేరుశనగ రైతు. ఆయన 1979లో తన అధికార భవనం కప్పు మీద నీళ్ళు కాచుకొనే సోలార్ పలకలు పెట్టించాడు. తరువాత వచ్చినవారి హయాంలో 1986లో వాటిని దించివేశారు. వేరుశనగ రైతు ఎక్కించినది వేరొకరు దించినారు!

పలక పనిచేసింది గాని, దాని వెల ఆకాశంలో ఉన్నది. అందుకే అది ముందు ఆకాశానికే వెళ్ళింది. 1958 మార్చిలో ఎగిరిన వాన్‌గార్డ్ అనే చిన్న ఉపగ్రహం మీద ఆరు పలకలు పెట్టారు. దాని రేడియో 1964 దాకా పలికింది. నేలమీదికి దింపింది మాత్రం చమురు ధర. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించేసరికి కొద్ది నెలలలో పీపా ధర దాదాపు నాలుగు రెట్లయింది. మన దేశంలో 1974లో సాహిబాబాదులో సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి, 1977లో మొదటి సోలార్ పలుకు, 1978లో మొదటి సోలార్ పలక తయారుచేసింది. 1982లో కేంద్రంలో ఇందుకొక ప్రత్యేక శాఖ వెలిసింది, 1992లో అది మంత్రిత్వ శాఖ అయింది.

ఆ శాఖ లెక్క ప్రకారం వచ్చిన లాంతరులో 10 వాట్ల పలక, 7 వాట్ల గొట్టపు దీపం, 12 వోల్టుల 7 ఆంపియర్‌అవర్ బ్యాటరీ. వీధిదీపానికైతే 74 వాట్ల పలక, 11 వాట్ల దీపం, 75 ఆంపియర్‌అవర్ బ్యాటరీ. ఆ బ్యాటరీ రెండు చేతులతో ఎత్తితే గాని లేవదు. పల్లెలలో చాలా స్తంభాల కింద పెట్టె ఉంటుంది, పెట్టెలో బ్యాటరీ ఉండదు. మీరు చూసే ఉంటారు. కొన్ని దొంగలెత్తుకుపోయారు, కొన్ని నీళ్ళు పోసేవాడు లేక ఎండిపోయినవి. దీపం ఇచ్చినవారు దీపాన్ని చూసుకొనే మనిషిని ఇవ్వలేదు. ఈ లోటు గురించి నాకు బాధ ఉన్నది గనుక చెబుతున్నాను. పథకం లెక్కలలో ఎన్ని దీపాలు పెట్టారో రాస్తారు, మూడో ఏట ఎన్ని వెలుగుతున్నాయో రాయరు.

పరిస్థితి మారింది రెండు కారణాల వల్ల. పలక వెల పడిపోయింది. 1977లో వాటు ఒక్కింటికి సుమారు 76 డాలర్లు ఉన్నది ఇప్పుడు అర డాలరు కూడా లేదు. రెండవది ఎల్.ఇ.డి. దీపం. ఎర్రని ఎల్.ఇ.డి. 1962లోనే వచ్చింది గాని, నీలిరంగుది లేనిదే తెల్లని వెలుగు రాదు. జపానువారైన అకసాకి, అమానో, నకమురా 1990ల తొలి నాళ్ళలో దానిని సాధించారు. 2014లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది. ఈ దీపం తాగే కరెంటు చాలా తక్కువ. కాబట్టి పలక చిన్నదైంది, బ్యాటరీ చిన్నదైంది, మొత్తం ఒక చేతిలో పట్టేటట్లు వచ్చింది.

ఎండ మన సీమకు కొత్త కాదు, కొరతా లేదు. తిరుమలలో 2002 నుంచి ఎండను అద్దాలతో ఒడిసిపట్టి ఆవిరి చేసి, రోజుకు 15 వేలమందికి వంట చేయగలిగిన ఏర్పాటు పెట్టారు. కదిరి పక్క నంబులపూలకుంటలో 2016 నుంచి ఎండ కరెంటు పెద్దయెత్తున తీస్తున్నారు. ఇంటి కప్పు మీద పలకలు పెట్టుకొనేవారికి 3 కిలోవాట్ల మీద 78 వేల రూపాయల సహాయం చేసే పథకాన్ని కేంద్రం 2024లో ప్రకటించింది. అవి పెద్ద మాటలు. మన మాట ఒక్క దీపం గురించి.

అవ్వ ఇంటికి తిరిగి వద్దాము. దీపం పైనే పలక అతికించిన రకం అది. కొడుకు దానిని తెచ్చి, ఎక్కడ చీకటిగా ఉన్నదో అక్కడ తగిలించాడు. అంటే మామిడిచెట్టు కింద! రాత్రి చీకటిగా ఉండే చోటు పగలూ నీడగానే ఉంటుంది గదా. పలకలో పలుకులన్నీ ఒకే గొలుసుగా ఉంటాయి. మడి కాలువలో ఒక్కచోట మట్టి అడ్డుపడితే కింది కయ్యలన్నిటికీ నీళ్ళు తగ్గినట్లు, ఒక్క పలుకు మీద ఆకు నీడ పడినా మొత్తం పలక నుంచి వచ్చే కరెంటు పడిపోతుంది. పగలు కొద్దిగా నిండడం, రాత్రికి పూర్తిగా ఖాళీ కావడం, ఇట్లా నెలరోజులు జరిగితే బ్యాటరీ చచ్చిపోతుంది. బర్రెకు మేత వేయకుండా రోజూ పాలు పిండినట్లు.

కాబట్టి పెరటికి పలక వేరుగా, దీపం వేరుగా ఉండే రకమే మంచిది. పలకను కప్పు మీద ఎండలో పెట్టి, తీగతో దీపాన్ని కావలసిన చోటికి తెచ్చుకోవచ్చు. లెక్క మీరే వేసుకోవచ్చు. 10 వాట్ల పలకకు మన ఎండ నిండుగా 5 గంటల లెక్కన 50 వాటుగంటలు వస్తుంది. దుమ్ముకు, వేడికి, బ్యాటరీ తరుగుకు నూటికి 30 పాళ్ళు పోతే 35 మిగులుతుంది. 3 వాట్ల దీపం రాత్రంతా, పది గంటలు వెలిగితే 30 కావాలి. సరిపోయింది. ఇది ఎండ ఉన్ననాటి మాట. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. వరసగా రెండు మూడు రోజులు మబ్బు పట్టవచ్చు. ఆ రోజులకని రెండు రాత్రులకు సరిపడే బ్యాటరీ ఉండాలి, అప్పుడు దీపం నాలుగైదు గంటలకే ఆర్పుకోవాలి. పలకను దక్షిణం ముఖంగా, సుమారు 15 డిగ్రీల వాలుగా పెట్టండి. అంతకన్నా చదునుగా పెడితే దుమ్ము నిలుస్తుంది. వారానికొకసారి తడిగుడ్డతో తుడవండి, అదీ పొద్దున చల్లని వేళ. సంతలో అమ్మే నేలకు గుచ్చే చిన్న దీపాల సంగతి అడుగుతారేమో. అవి దారి హద్దు చూపుతాయి, అంతే. పాము ఉన్నదో తాడు ఉన్నదో చెప్పవు.

కొత్త దీపం తెచ్చి, పలకను మిద్దె మీద పెట్టించి, దీపాన్ని నేనే దగ్గరుండి మడవ పక్కన కొయ్యకు కట్టించాను. తెల్లవార్లూ వెలుగుతుంది, అవ్వకు భయం లేదు. చాలా సంతోషించాను. కార్తీకం వచ్చింది. అవ్వ చామంతులు పూయలేదు! వరసలో ఆ చివర ఉన్న మొక్కలు విరగబూసినవి, దీపం కింద ఉన్నవి ఆకు మీద ఆకు వేసి ఏపుగా నిలబడినవే గాని మొగ్గ లేదు. "నాయనా, నీ దీపానికి దిష్టి తగిలినట్టుండాది" అన్నది అవ్వ. ఆ పూలు ఆమె ఏటా కార్తీకమాసంలో గుడికి ఇచ్చేవి, కొన్ని అమ్ముకొనేవి. తప్పు దిష్టిది కాదు, నాది. డిప్లమాలో చదివిన పాఠమే మరిచిపోయాను.

1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు పొగాకు, సోయాచిక్కుడు మొక్కల మీద పరీక్షలు చేసి, పూత రావడానికి పగటి నిడివితో సంబంధం ఉన్నదని తేల్చారు. తరువాతివారు ఇంకొంచెం ముందుకు పోయి, మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని అని చూపించారు. చామంతికి పొడుగు రాత్రి కావాలి. మన సోమల ప్రాంతంలో జూనులో పగలు 13 గంటలకు కాస్త తక్కువ, డిసెంబరులో సుమారు 11 గంటల 20 నిమిషాలు. రాత్రి పెరిగేకొద్దీ చామంతి మొగ్గ తొడుగుతుంది. తెల్లవార్లూ దీపం పెడితే దానికి రాత్రే రాలేదు, ఇంకా ఎండకాలమే అనుకొన్నది. పక్కన కర్ణాటకలో చిక్కబళ్ళాపురం వైపు రైతులు ఈ గుణాన్నే పట్టుకొని, చామంతి తోటలలో రాత్రి బల్బులు పెట్టి, మొక్క బాగా పెరిగిన తరువాత ఆర్పి, తమకు కావలసిన పండుగకు పూలు తెచ్చుకొంటున్నారు. వారు తెలిసి చేసే పని నేను తెలియక చేశాను.

పురుగు సంగతి కూడా ఉన్నది. తెల్లని, నీలిఛాయ దీపానికి రెక్కల పురుగులు ఎక్కువ వస్తాయి. పసుపుఛాయ దీపానికి తక్కువ. కూరగాయల కయ్య మీద తెల్లదీపం పెడితే శత్రువును భోజనానికి పిలిచినట్లే. దీపపు ఎర కావాలనుకొంటే పంటకు కాస్త ఎడంగా పెట్టి, కింద నీళ్ళ తొట్టి ఉంచి, పొద్దుగూకిన తరువాత తొమ్మిది, పది గంటల దాకా వెలిగించి ఆర్పివేయండి. తెల్లవార్లూ ఉంచితే పురుగును తినే మంచి పురుగులు కూడా అందులో పడతాయి. ఇప్పుడు సోలార్ ఎరలు సమయం ప్రకారం అవే ఆరిపోయేటట్లు వస్తున్నాయి. టమాటా ఊజీ అని కొందరు పొరబడి పిలిచే ఆకుతొలిచే చిన్నపురుగు, 2014లో మన దేశంలో కనబడిన దక్షిణ అమెరికా పురుగు, దానికి మాత్రం దీపం కన్నా లింగాకర్షక బుట్టలే ముందు పెట్టండి.

ఏనుగుల గురించి కూడా ఒక మాట. 1980ల నుంచి తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చిన ఏనుగుల కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడవి కుప్పం, పలమనేరులతో ఆగక సోమల, సదుం, పులిచెర్ల వైపు కూడా వస్తున్నాయి. పెరటి దీపం చూసి ఏనుగు ఆగుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అది వచ్చినట్లు మీకు కనబడడానికి మాత్రం దీపం పనికివస్తుంది. కనబడగానే లోపలికి పోయి అటవీ సిబ్బందికి ఫోను చేయండి. ఎండతో నడిచే కంచె వేరు. అందులో రెప్పపాటు సేపు తగిలి విడిచిపెట్టే దెబ్బ ఉంటుంది గాని ప్రాణం తీయదు. మెయిన్ లైను నుంచి నేరుగా కంచెకు తీగ తగిలించే పని ఎవ్వరూ చేయవద్దు. ఏనుగు కన్నా ముందు మీ బిడ్డే దానిని పట్టుకోవచ్చు.

అవ్వ దీపం ఇప్పుడు చామంతి వైపు లేదు. కొయ్యను రెండు బారలు జరిపి, దీపానికి రేకు గొడుగు వేసి, వెలుతురు మడవ మీద, నడకదారి మీద మాత్రమే పడేటట్లు తిప్పాము. పసుపుఛాయ దీపం మార్చాము. మనిషి కదిలినప్పుడు మాత్రమే వెలిగే కన్ను ఉన్న రకం అది. బ్యాటరీకి విశ్రాంతి, చామంతికి చీకటి. మొన్న కార్తీకంలో వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా పూసింది. కరివేపాకు చెట్టు కింద గడ్డి కూడా కోయించింది. దీపం ఉన్నా గడ్డిలో పాము కనబడదని ఆమెకు నేను చెప్పనవసరం లేకపోయింది. వచ్చేటప్పుడు గడపలో నిలబడి, "ఇంకోటి కొట్టంకాడికి కావాల నాయనా, బర్రె ఈనే నెల. పలక మాత్రం మిద్దె మీదనే పెట్టించు" అన్నది.